తీగకు గుచ్చని కార్డు

ఆదివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నాన్న రేకు పెట్టె తాళం తీశాను. గోడ గడియారం చూసి మరీ తీశాను. తర్వాత ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఒక్కోసారి ఒక్కోలా చెప్పకూడదని.

నాన్న పోయి నాలుగు నెలలైంది. అనకాపల్లి మార్కెట్లో ఒక బెల్లం కొట్లో గుమస్తాగా పనిచేశాడు. చదువు రాని రైతులకు కార్డులు చదివి పెట్టడం, జవాబు రాసి పెట్టడం కూడా ఆ పనిలో భాగమే. అప్పట్లో ప్రతి కొట్లోనూ ప్రతి ఇంట్లోనూ ఒక ఇనుప తీగ వేలాడేది. వచ్చిన కార్డు చదివి దానికి గుచ్చేవారు. కొట్లు మూతపడినప్పుడు, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు ఆ తీగలను బయట పారేస్తుంటే నాన్న అడిగి తెచ్చుకుని ఈ పెట్టెలో దాచాడు. ఊరి చరిత్ర వీటిలోనే ఉందనేవాడు. అన్నీ వరసగా పేర్చి రాస్తానన్నాడు. రాయలేదు. ఆ పని నేను చేద్దామనుకున్నాను.

రెండు వారాలు చదివాను. ప్రతి కార్డుకూ మధ్యలో చిల్లు. శారద ఏట్లో నీళ్లు తగ్గలేదు, బళ్లు అవతలి గట్టునే ఉన్నాయి, బెల్లం మెత్తబడిపోతోంది అని చీడికాడ రైతు ఒకాయన రాయించాడు. ఎండుచేపల బుట్ట బస్సు మీద వేశాం, దింపుకోండి, పిల్లులతో జాగ్రత్త అని పూడిమడక నుంచి ఇంకొకరు. పెళ్లి కబుర్ల కార్డులకు మూలల్లో పసుపు మరకలు ఇంకా ఉన్నాయి. బొమ్మ కార్డు మాత్రం ఒక్కటే ఉంది. నది, వంతెన, కింద శారద అని అచ్చు. నీళ్లకు నీలం రంగు వేశారు. శారద అంత నీలంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. వేసవిలో సగం ఇసకే. ఆ వంతెన మా ఊరిదేనన్న నమ్మకం కూడా నాకు లేదు.

అసలు అనుమానం వేరు. అన్ని వందల కార్డుల్లో ఒక్కరూ చచ్చిపోలేదు. పెళ్లిళ్లున్నాయి, పురుళ్లున్నాయి, గేదెలు ఈనడం ఉంది. నది పొంగింది గాని ఎవరూ కొట్టుకుపోలేదు. నాన్నే ఏరి తీసేశాడనుకున్నాను. ఒక రోజంతా అలాగే అనుకున్నాక గుర్తొచ్చింది. చావు కబురు కార్డుకు మూలన నల్లసిరా పూసేవారు. దాన్ని గుమ్మం బయటే చదివి అక్కడే చింపేసేవారు. లోపలికి తేరు. ఇక తీగ దాకా ఎలా వస్తుంది? నేను చదువుతున్నది ఊరి చరిత్ర కాదు, ఊరు లోపలికి రానిచ్చిన చరిత్ర.

నాన్న మీదకు నా అనుమానం అంత తొందరగా మళ్లడానికి కారణం మా మేనత్త. నాన్నకు ఒక్కతే చెల్లెలు. పాయకరావుపేటలో ఇచ్చారు. నానమ్మ పోయినప్పుడు అత్త రాలేదు. మూడు నెలలకు, ఎవరో చెప్పగా విన్నామని అత్తవారు అంటే గాని ఆమెకు తెలియలేదు. అన్న కార్డు ముక్కయినా రాయలేదని యాభై ఏళ్లుగా అంటూనే ఉంది. నాన్నను అడిగితే, "రాసేను. మూలకి నల్లసిరా పూసి మరీ రాసేను" అనేవాడు. ఇంకో మాట అనేవాడు కాదు. అత్త మా ఇంటికి రావడం మానేసింది. నాన్న పోయిన రోజు ఫోన్ చేస్తే విని పెట్టేసింది. అప్పుడూ రాలేదు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని చిన్నప్పటి నుంచీ అనుకునేదాన్ని. నాన్న మాట నిజమా కాదా, నాకు కావలసింది అదొక్కటే.

రేకు పెట్టె అడుగున పరిచిన పాత పేపరు కింద ఒక కార్డు దొరికింది. దానికి చిల్లు లేదు. నాన్న పేరు మీద వచ్చింది. "మీ కార్డు అందినది. విషయము తెలిసినది. అమ్మాయికి ఏడవ నెల గనుక ఇప్పుడు చెప్పుట లేదు. పురుడు అయిన పిదప మేమే చెప్పెదము. అంతవరకు మీరు రావద్దు, వ్రాయవద్దు." కింద మా అత్తకు మామగారైన పెద్దాయన సంతకం.

సంతోషించాల్సింది. సంతోషించలేదు. మరీ నాకు కావలసినట్టుగానే ఉంది. తపాలా ముద్ర అలుక్కుపోయి తేదీ తెలియడం లేదు. నాన్న జీవితమంతా ఇతరుల మాటలు ఇతరుల ధోరణిలో కార్డుల మీద రాసినవాడు. ఇలాంటిది ఒకటి రాసి పెట్టుకోవడం అతనికి పెద్ద పని కాదు. పోయిన తండ్రి గురించి ఇలా అనుకోవడం బాగోలేదు. అయినా అనుకున్నాను. దీపం కింద పెట్టి అతని రాతతో పోల్చాను. తేలలేదు.

సోమవారం పాయకరావుపేట బస్సెక్కాను. కార్డు ముందు చూపించకూడదని నిశ్చయించుకున్నాను. చూపిస్తే అత్త జ్ఞాపకం దానికి తగ్గట్టు మారిపోవచ్చు.

అత్త వెనక వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏటే, దారి తప్పేవేటి?"

"నీ కోసమే వచ్చేను అత్తా."

"మీ అయ్య పంపేడేటి? ఇప్పుడు ఖాళీయే గదా, అక్కడ్నుంచి కార్డు రాసుంటాడు."

నేను పక్కన కూర్చుని ఒక ముద్ద నా ముందుకు లాక్కున్నాను.

"ఊరందరికీ రాసీవోడు. ఎవరింట్లో గేదె ఈనినా రాసీవోడు. సొంత సెల్లెలికి రాయనేకపోయేడు" అంది.

నానమ్మ పోయిన ఆ రోజుల్లో ఈ ఇంట్లో ఏం జరిగిందో గుర్తున్నంత చెప్పమన్నాను.

"ఏటి జరుగుద్ది? కడుపుతో ఉన్నాను. తినడం, తొంగోడం. మా అత్తామావా శానా బాగా సూసీవోరు. ఓ మజ్జాన్నం మా మావ నూతికాడ పంచితోనే నెత్తిమీద నీల్లోసుకుంతన్నాడు. ఏటి మావా ఈ ఏలప్పుడు అంటే, సెమటట్టేసిందమ్మా అన్నాడు. పుష్యమాసం! సెమటేటే?" నవ్వింది. "మా అత్తా పోసుకుంది. నాకూ నీల్లు కాసి తనే తలకి పోసింది. సాంబ్రాణి ఏసింది. కన్నతల్లయినా ఇలా సెయ్యదనుకున్నాను."

అని ఆగిపోయింది. చేతిలో గింజ అలాగే ఉంది.

చావు కబురు అందితే ఇంట్లో అందరూ వేళ చూడకుండా తలమీద నీళ్లు పోసుకోవాలి. ఇది అత్తకు తెలియంది కాదు. ఆ మధ్యాహ్నాన్ని ప్రేమ కింద జమకట్టుకుంది, అంతే.

అప్పుడు కార్డు తీసి ఇచ్చాను. వేలు పెట్టి మెల్లగా చదివింది. రెండోసారి చదివింది.

"మా మావ రాతే."

"ఖాయంగానా అత్తా?"

"ఇరవయ్యేళ్లు ఆయనకి కూడొండేను. నువ్వేటి, పోలీసువా?"

కార్డు తిప్పి నాన్న చిరునామా చూసింది. "మరి మీ అయ్య దీన్ని ఎందుకు సూపించనేదు?"

తెలియదన్నాను.

"సూపిత్తే నాను ఈ కొంపలో ఒక్క పూట ఉందునా? సంటిపిల్లోణ్ణి ఎత్తుకుని ఆడింటికే ఎల్దును." కార్డు ఒళ్లో పెట్టుకుని, "నా కాపరం ఇరిగిపోద్దనుకున్నాడో, నాను ఎల్లి ఆడి మీద పడతాననుకున్నాడో" అంది.

రెండోది నాకు అప్పటిదాకా తట్టలేదు. తట్టాక కాదనలేకపోయాను. నాన్న కార్డు రాశాడు. అది నిజం. ఎందుకు దాచాడన్నది ఏ కార్డులోనూ లేదు.

"ఆడు పోయేడని నువ్వు ఫోన్ సేసినప్పుడు నాను అన్నం తింతన్నాను" అంది అత్త. "తినేసేను. తానం సెయ్యలేదు. కావాలనే సెయ్యలేదు."

చింతపండు చాట పక్కకు నెట్టి లేచింది. పెరట్లో కుళాయి తిప్పి, కట్టుకున్న చీరతోనే ప్లాస్టిక్ మగ్గుతో నెత్తిమీద నీళ్లు పోసుకుంది. ఆ చప్పుడికి ఆమె కోడలు వంటింట్లోంచి వచ్చింది.

"ఏటత్తా ఇది? జలుబు సేత్తాది."

"మా అన్న పోయేడే."

కోడలు నా వైపు చూసింది. తువ్వాలు తెచ్చి అత్త భుజం మీద కప్పి, పొయ్యి మీద కూర మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది. కోడలు స్నానం చేయలేదు. చేయాలని ఆమెకు తెలియదు. చావు కబురు విన్న ఇంట్లో అందరూ నీళ్లు పోసుకోవడం ఇప్పుడు లేదు.