ఎడారిలో ఎంగిలి రాయి

నెవాడా ఎడారిలో బంగారం వెతికే కంపెనీలో మా అమ్మాయికి ఉద్యోగం. చూద్దువుగాని రమ్మని నన్నూ తీసుకెళ్లింది. చెట్టు లేదు, నీడ లేదు, మాడు పగిలే ఎండ. వందేళ్ల కిందటివాళ్లు తెల్లరాతి చార వెంట తవ్వుకుని పోయారట. కంటికి కనపడని బంగారం పక్కనున్న నల్లరాతిలో మిగిలి ఉందట.

ఆ మాట చెప్పిన ముసలి దొర ఒక రాయి పగలగొట్టి, నాకి, నా చేతికివ్వబోయాడు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"తీసుకోమ్మా, ఈయన మా బాస్! తడిస్తే రాతి రంగు తెలుస్తుంది," అంది మా అమ్మాయి.

"బాసైతే ఎంగిలి కాదుటే?"

అది నవ్వి, అదే రాయి తీసుకుని తనూ నాకింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకునే కదే మీ నాన్న పోయింది! నువ్వు నాలిక మీద పెట్టుకుంటావా? పద ఇంటికి!"

దాని నవ్వు ఆగిపోయింది. ఏమైందని అడిగిన దొరకి సంగతి చెప్పింది. ఆయన టోపీ తీసి, మమ్మల్ని డ్రిల్లింగ్ మిషన్ దగ్గరికి నడిపించాడు. మిషన్ ఆగి ఉంది. పనివాళ్లు పేకాడుతున్నారు.

"పట్టపగలు ఇదేం పనే?"

"వాటర్ ట్యాంకర్ ఇంకా రాలేదమ్మా. నీళ్లు లేకుండా డ్రిల్ చేస్తే దుమ్ము లేస్తుంది. ఈయన చెయ్యనివ్వడు."

నాకు కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. మా ఆయన పనిచేసిన గనిలో నీళ్లకి కరువే లేదు. ఊరిన నీళ్లు రాత్రింబవళ్లు తోడి బయట పారబోసేవాళ్లు. ఆయన చేత మాత్రం నీళ్లు పొయ్యకుండా పొడిరాయే తొలిపించారు.