టేపు మామయ్యగారి ఎండ

ఆ వీధిలో టేపు మామయ్యను ఎరగనివాళ్లు లేరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నగర కార్యాలయంలో ఇళ్ల ప్లాన్లు గీశాడు. ఆయన రిటైరై తొమ్మిదేళ్లయింది కానీ జేబులో కొలత టేపు మాత్రం రిటైరు కాలేదు. ఎవరి గేటు ఎన్ని అంగుళాలు ముందుకొచ్చిందో, ఎవరి మెట్లు రోడ్డును ఎంత మింగాయో ఆయన నాలుక చివరే ఉంటుంది. తన మెట్ల సంగతి మాత్రం ఎవరూ అడక్కూడదు.

ఆ మెట్లెక్కితే మూడో అంతస్తు. వీధిలో రెండంతస్తులకు మించి కట్టకూడదని నిబంధన. ఈ పెద్దమనిషి ఆఫీసులకు సెలవులొచ్చినప్పుడు గుట్టుచప్పుడు కాకుండా పైన ఒక రేకుల గది లేపాడు. మొగుడితో తెగతెంపులు చేసుకొచ్చిన కూతురు అందులో ఉంటోంది. పక్క వీధి ఆసుపత్రిలో నర్సు. ఆ చుట్టుపక్కల సొంతంగా ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే ఆమె జీతం మొత్తం పోసినా చాలదు.

అలాంటప్పుడు ఒక నోటీసు పడింది. వీధి చివర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ స్థలంలో నిబంధన సడలించి ఆరంతస్తులు కడతారట, చిన్న జీతగాళ్లకు తక్కువ అద్దెకు అరవై ఇళ్లు ఇస్తారట. అభ్యంతరాలుంటే నెలలోగా చెప్పమన్నారు. కూతురు మర్నాడే దరఖాస్తు పెట్టింది.

"రెండు గదులట నాన్నా, నా పేరు మీద. వానొస్తే రేకుల మోత ఉండదు."

"పైన లేదుటే నీకు ఇల్లు? ఆ అగ్గిపెట్టెల్లోకి ఎవరెవరొస్తారో!"

"నాలాంటివాళ్లొస్తారు."

ఆ మాట ఆయన చెవిన పడితేగా! మనసంతా గది ముందు డాబా మీదున్న పదకొండు క్రోటన్ కుండీల మీదే ఉంది. ఆరంతస్తులు లేస్తే సాయంత్రం నాలుగింటికల్లా వాటి మీద నీడ పడుతుందని బెంగ. కాగితం పట్టుకుని గడప గడపా తిరిగి సంతకాలు అడిగాడు. ఎదురింటి బామ్మ గుమ్మంలోనే నిలదీసింది.

"మీ కుండీల కోసం అరవై సంసారాలు ఊరవతలే ఉండాలా అన్నయ్యగారూ?"

"కుండీలు కాదమ్మా, వీధి మర్యాద!"

"ఓహో, పొద్దున్నే మీరు నీళ్లు పోసేది మర్యాదకా!"

బామ్మ సంతకం పెట్టకపోయినా ముప్పై ఏడుగురు పెట్టారు. దానికి తోడు మామయ్య వారం రోజులు సుద్దముక్కతో రోడ్డు మీద నీడలు గీసి, టేపు పరిచి, ప్రతి ఇంటి ఎత్తూ నీడా చూపిస్తూ పటం తయారుచేశాడు. తన ఇల్లు కూడా అందులో ఉంది, మూడంతస్తులతో సహా. కింద తన పాత హోదాతో సంతకం చేసి, రెండూ నగర కార్యాలయంలో ఇచ్చాడు.

సడలింపు రద్దయింది. ఫ్యాక్టరీ స్థలానికి మళ్లీ తాళం పడింది. మామయ్య మీసం మెలేస్తూ తిరుగుతుండగా పదో రోజున ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో ఆయన పటమే.

"ఇది మీరు గీసిందేనా సార్?"

"నేనే. వెంట్రుకవాసి తేడా ఉంటే చెప్పండి!"

"తేడా లేదండి. అందుకే వచ్చాం. రెండంతస్తులే ఉండాలన్నారు కదా, మరి మీ మూడోదేంటి?"

డ్యూటీకి బయల్దేరిన కూతురు మెట్ల మీదే ఆగిపోయింది. ఆమె నర్సు బట్టలు చూసి చిన్న ఇన్‌స్పెక్టరు మనసు కరిగినట్టుంది, గొంతు తగ్గించాడు.

"నీళ్ల ట్యాంకు కప్పును పొరపాటున అంతస్తుగా గీశారేమో. ఆ ముక్క రాసివ్వండి సార్, మేం పైకెక్కి చూడం."

"రాసివ్వు నాన్నా," అంది కూతురు.

ఒక్క ముక్క! పదకొండు కుండీల కోసం నెలంతా కాగితాలు నింపిన చెయ్యి, కన్నకూతురి కోసం ఒక్క ముక్క రాయలేకపోయింది.

"నేను గీసినదాంట్లో పొరపాటా? ముప్పై నాలుగేళ్లు గీశానయ్యా! కావాలంటే మళ్లీ కొలుచుకోండి, పదండి పైకి!"

తనే ముందు నడిచి, టేపు ఒక కొస ఇన్‌స్పెక్టరు చేతికిచ్చి మరీ కొలిపించాడు. అంగుళం కూడా తప్పలేదు.

నెల తిరక్కుండా గది కూల్చేశారు. కూతురు రెండు బస్సులు మారితే గానీ ఆసుపత్రికి రాలేనంత దూరంలో ఎవరి ఇంట్లోనో సగం గదికి మారింది. పెట్టె ఎత్తుకునేటప్పుడు తండ్రి మొహం కూడా చూడలేదు.

ఇన్నాళ్లూ మధ్యాహ్నపు ఎండ నుంచి కుండీలను కాచింది ఆ గది నీడేనని మామయ్యకు తట్టనే లేదు. వారానికే ఆకులు మాడి ముడుచుకుపోయాయి. ఇప్పుడాయన డాబా మీద టేపు పరుచుకుని కూర్చున్నాడు, నీడ కోసం కట్టే పరదాకు ఎంత గుడ్డ పడుతుందో కొలుస్తూ.