సల్వార్‌లో పరుగెత్తిన అక్క

అరవైల్లో, మా బడిలో పై తరగతి చదివే ఆ అక్క పరుగుకు ముందు సల్వార్ కాళ్లను రిబ్బన్లతో బిగించి కట్టుకునేది. మెదక్‌లో జిల్లా పోటీలనాడు పోటీలు నడిపే ఒక పెద్దసారు ఆమెను ఆపాడు.

"నిక్కరేసుకుంటేనే ఉరకనిస్తం."

డ్రిల్లు టీచరమ్మ కంగారుగా, "జర ఏస్కో బిడ్డా, పేరు కొట్టేస్తరు," అని బతిమాలింది.

"అబ్బాజాన్ ఉరుకుడే వద్దన్నడు, అయినా వచ్చిన. ఏం ఏస్కోవాల్నో మీరు చెప్తరా టీచర్? నాకిట్లనే మంచిగుంది," అంది అక్క.

పెద్దసారు పేరు కొట్టేసినా, అలాగే పరుగెత్తి అందరికంటే ముందొచ్చింది. బహుమతికి మాత్రం రెండో అమ్మాయిని పిలిచారు.

ఇక రాదేమోనని భయపడ్డాను. మరుసటేడు మళ్లీ సల్వార్‌లోనే వచ్చింది. ఆమె పక్కనే, ఆడపిల్లకు నిక్కరేంటని మా అమ్మ వద్దన్నా, అదే వేసుకుని నేను నిలబడ్డాను. ఆమెను పెద్దసారో, నన్ను మా అమ్మో, ఎవరు ముందు వచ్చి బయటికి లాగుతారోనని ఈల మోగేదాకా అటూ ఇటూ చూస్తూనే ఉన్నాను.