పాజి తిట్టని రోజులు

న్యాంజాల తబోరా ఊరి తపాలా ఆఫీసులో ముప్ఫై ఏళ్లు గుమస్తాగా చేసి రిటైరైంది. భర్త పోయాక ఇంట్లో ఆమె, ఒక పాత కంప్యూటరు, రెండు కోళ్లు మిగిలాయి. స్వాహిలీ భాషలో ఎవరైనా రాసి, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వం ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. జీతం లేని చాకిరీ. అక్కడ రాసేవాళ్లు తగవులాడుకుంటే సర్దిచెప్పే పని ఎలాగో ఆమె నెత్తిన పడింది. తగవు తీరాక ఆమెను పలకరించిన పాపాన పోయినవాడు లేడు, ఒక్క పాజి తప్ప.

పాజి బగమోయో తీరంలో పడవలు బాగుచేసే ముసలాయన, జరామో తెగవాడు. ఆమెది న్యామ్వేజి తెగ. ఆ రెండు తెగలకీ తాతల నాటి ఉతాని, అంటే వేళాకోళపు వరస, ఉంది. ఒకరినొకరు ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు, వస్తే వచ్చినవాళ్లదే తప్పు. ఆయన మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ ఆ సర్వస్వంలో రాసేవాళ్లకి తలా ఒక కబుర్ల పేజీ ఉంటుంది, తెల్లారేసరికి ఆమె పేజీలో ఆయన మాట ఉండేది.

“నా బానిసా, లేచావా? ఎండు చిలగడదుంపలు నమిలీ నమిలీ పళ్లన్నీ ఊడాయా, ఇంకా ఏమైనా మిగిలాయా?”

“మిగిలాయిలే. డప్పు వినపడితే పడవ వదిలేసి గంతులేసేవాడివి, నా పళ్ల గొడవ నీకెందుకు?”

ఆ నాలుగు మాటలయ్యాకే ఆమె టీ తాగేది.

షిన్యాంగాలో బడిపంతులు మసాంజా కూడా అక్కడ రాసేవాడు, సుకుమా తెగవాడు. న్యామ్వేజిలూ సుకుమాలూ అన్నదమ్ముల వరస కాబట్టి అతనితోనూ పాజికి ఉతానే. పాత బిడారుల దారి మీద వ్యాసం దగ్గర ఇద్దరికీ చెడింది. ఒకరు రాసింది ఒకరు చెరిపేస్తున్నారు. ఆ మధ్యలోనే మసాంజా తండ్రి పోయాడు. అతను తన పేజీలో పెట్టిన ఆ కబురు కింద పాజి రాశాడు: “నా బానిస చస్తే నన్నడక్కుండానే పాతేశారా?”

చావు దగ్గర ఉతాని మనిషి అలాగే వెక్కిరించాలి, ఏడ్చేవాళ్లు నవ్వాలి. మసాంజా నవ్వలేదు.

“అమ్మా, వ్యాసం దగ్గరి కసి మా నాన్న శవం మీద తీర్చుకున్నాడు. ఆయన నోరు మూయించండి. లేకపోతే ఇక్కడ ఒక్క అక్షరం కూడా రాయను,” అని న్యాంజాలకు రాశాడు. అప్పటికి నాలుగొందల పేజీలు రాసినవాడు.

పాజి కూడా ఆమెకే రాశాడు. “కసేంటి? వాళ్ల నాన్నుంటే పడీపడీ నవ్వేవాడు. ఆ కుర్రాడికి తెలీదు సరే, నీకూ తెలీదా?”

ఆమెకు తెలుసు. తెలిసి కూడా, మసాంజా రాయడం మానేస్తాడనీ, సర్దిచెప్పడం చేతకాలేదని నలుగురూ అంటారనీ భయపడింది. వ్యాసంలో ఇద్దరి మాటకీ చోటిచ్చి, కింద తీర్పు రాసింది. ఇకపై ఇక్కడ ఉతాని చెల్లదు, అందరూ అందరితో మర్యాదగా రాయాలి. అందరూ మెచ్చుకున్నారు. పాజి “సరే” అని మాత్రం రాశాడు.

మర్నాడు ఆమె పేజీలో ఉంది: “గౌరవనీయులైన న్యాంజాల గారికి నమస్కారం. మీరు కుశలమని తలుస్తాను.”

ఇదీ వేళాకోళమే అనుకుని నవ్వుకుంది. మూడు రోజులు అదే మాట వచ్చింది, తర్వాత అదీ ఆగింది. ఆ పేజీ బయట ఆయన చిరునామా ఆమెకు తెలియదు.

రెండు నెలలకు న్యాంజాల అక్క కబుల పోయింది. ఉతాని ప్రకారం పాడెకి అడ్డంగా పడుకుని, కోడినిస్తేనే లేస్తానని మొండికేయడానికి జరామో మనిషి ఒక్కడూ లేడు. అక్కను చప్పుడు లేకుండా పూడ్చి వచ్చారు. న్యాంజాల కంటినుంచి చుక్క రాలేదు.

తన పేజీలో కబురు రాస్తే నలభై మంది సానుభూతి తెలిపారు. మసాంజా చాలా పొడుగ్గా రాశాడు. పాజి మాట లేదు. ఇక ఉండబట్టలేక తన నియమం తనే మీరి, ఆయన పేజీలో రాసింది: “మా అక్క పోయింది పాజీ. అడ్డం పడుకునేవాడు లేక తిన్నగా వెళ్లిపోయింది. బద్ధకపు పీతా, ఎక్కడ చచ్చావు?”

మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది.

“గౌరవనీయులైన న్యాంజాల గారికి. మీ అక్కగారి ఆత్మకు శాంతి కలగాలి. మీరు నా పేజీలో రాసిన మాట నియమానికి విరుద్ధం. ఎవరైనా చూస్తే మీకు మాట వస్తుందని నేనే తీసేశాను. గౌరవంతో, పాజి.”

ఎక్కడైనా ఒక్క తిట్టు దాగి ఉందేమోనని మూడుసార్లు చదివింది. లేదు. అక్కను పూడ్చిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.