కువైట్ నుంచి అంతర్వేదికి: ఐదు గంటల విమానం, పావుగంట రేవు

కువైట్ నుంచి హైదరాబాద్ ఎంత దూరమని ఎవరడిగినా పదకొండేళ్లుగా నాది ఒకటే జవాబు: మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు, ఐదు గంటల లోపు. అంతర్వేదిలో ఉండే మా అక్కకూ అదే గొప్పగా చెప్పేదాన్ని. “ఐదు గంటలే అక్కా, నువ్వు పిలు, వచ్చి వాలిపోతాను.” మొన్న అక్క పోయింది. నాకు సెలవు దొరికేసరికే రెండు రోజులు గడిచాయి. “రేపు నాలుగింటికి సమాధి చేసేస్తామమ్మా, ఇంక ఉంచలేం” అన్నారు బావగారు. ఆఖరి చూపు దక్కితే చాలనుకుని విమానం ఎక్కాను.

పొద్దున్న ఆరింటికి హైదరాబాద్‌లో దిగాను. రాజమండ్రి విమానంలో సీటు లేదు. తొమ్మిదింటి విమానంలో గన్నవరం వెళ్లి, అక్కడ నాలుగున్నర వేలకు కారు మాట్లాడుకున్నాను. భీమవరం దాటి పాలకొల్లు చేరేసరికి ఒంటిగంటన్నర. “చించినాడ వంతెన మీదుగా పోదామాండీ?” అనడిగాడు డ్రైవరు. చుట్టుదారి ఎందుకు, నరసాపురం రేవులో కార్లను దాటించే పంటు ఎక్కితే పావుగంటలో సఖినేటిపల్లి అన్నాను. ఈ గోదారి పక్కన పుట్టినదాన్నన్న పొగరు నాది.

పంటు సగం దూరం పోయి ఆగిపోయింది. కారుతో సహా గోదావరి మధ్యలో ఉండిపోయాం.

“గోదారి పాటు మీదుందండీ, నీళ్లు వెనక్కి తీసేసేయి. ఇసుకమేట పట్టేసింది” అన్నాడు పంటు నడిపే సరంగు. “పోటెక్కేదాకా కదలదండీ.”

“ఎంతసేపు?”

“రెండు గంటలు పైనే అండీ. మాట చూస్తే మన ఊరి మనిషిలాగే ఉన్నారు. పోటుపాట్లు కనుక్కోకుండా ఎక్కేసేరేంటండీ? చెప్పేవాళ్లెవరూ లేరాండీ?”

బావగారికి ఫోన్ చేసి ఒక్క గంట ఆపమని బతిమాలాను. “పాస్టరు గారు వచ్చేసేరమ్మా. నాలుగున్నర దాకా చూస్తాం” అన్నారు. అవతలి ఒడ్డున టీకొట్టు ముందు నిలబడ్డ మనుషులు కనిపిస్తూనే ఉన్నారు. నాలుగున్నర అయింది. పంటు కదల్లేదు. రెయిలింగ్ పట్టుకుని, పక్కన అందరూ చూస్తున్నా, ఏడ్చాను.

ఐదున్నరకు చేరాను. సమాధి పూడ్చేశారు. పైన పూలతో సిలువ పేర్చి వెళ్లిపోయారు. గుప్పెడు మట్టి వేయడానికి కూడా గొయ్యి మిగల్లేదు.

ఇన్నేళ్లూ నేను లెక్క కట్టింది విమానం ఎగిరే గంటలనే. ఆ లెక్క నమ్మి అక్కకు మాటిచ్చాను, అక్క నమ్మింది. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. ఇటు వచ్చేవాళ్లు మాత్రం బయలుదేరేముందు రేవుకు ఫోన్ చేసి పోటుపాట్లు కనుక్కోండి, తెలియకపోతే వంతెన మీదుగానే రండి. నేను దిగిన ప్రతిసారీ ముందుగా రేవులో అడిగి, ఏ దారిన రావాలో నాకు ఫోన్ చేసి చెప్పింది అక్కే.