బాపు చూడవచ్చిన దెబ్బ

దసరా సెలవుల్లో కాలేజీ ఖాళీ అయితే నాకు అదే పండుగ. జనగామ శివారులో ఉన్న మా ఇంజినీరింగ్ కాలేజీలో, వర్క్‌షాపు వెనక గదిలో ఆ పాత యంత్రం ఉండేది. ఇప్పుడు దాని చోట కొత్తది వచ్చింది కానీ, ఆ గ్రీజు వాసన తలుచుకుంటే ఇవాళ్టికీ ప్రాణం అటే లాగుతుంది. ఎదురెదురుగా రెండు పొడుగాటి ఉక్కు కడ్డీలు, వాటి మధ్య గుండీ అంత ఉక్కు ముక్క. గాలి తుపాకి పేలిస్తే ఆ దెబ్బ కడ్డీ గుండా వచ్చి ముక్కను నలిపేసేది. ఆ క్షణంలో ముక్క ఏమవుతుందో కంప్యూటరులో ముందే లెక్కగట్టి, అసలు దెబ్బతో సరిపోల్చడం నా పని. చుట్టాలకు చెప్పబోతే "ఇనుము చితగ్గొట్టుడా నీ పని?" అనేవాళ్లు. వాదనెందుకని అవునని ఊరుకునేదాన్ని.

కన్నతండ్రి కదా, మా బాపు మాత్రం అంతటితో వదల్లేదు. ఆయనది మహబూబాబాద్ దిక్కు, గార్ల దగ్గర పల్లె. వయసులో ఉన్నప్పుడు దోస్తుతో కలిసి భూపాలపల్లి వెళ్లి బొగ్గుగనిలో చేరాడు. ఇద్దరిదీ గని పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని. ఒకనాడు బాపు మంచినీళ్లకని అవతలికి వెళ్లిన కాసేపటికే పైకప్పు కూలింది. దోస్తు దాని కిందే పోయాడు. వాడు తనను పిలిచాడేమో, తనకే వినబడలేదేమో అన్న బాధ బాపును బతికినంత కాలం తినేసింది.

నేను పరీక్షిస్తున్నది అలాంటి బోల్టుల ఉక్కేనని తెలిశాక ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట.

"బిడ్డా, బోల్టు ఇనుము ఎంతసేపట్ల నలుగుతదో నేను కండ్లార సూడాలె."

దగ్గు ముదిరి బస్సెక్కడం గగనమైనా ఆ పట్టు విడవలేదు. నేను వద్దన్న కొద్దీ మొండికేసి ఆ దసరాకు వచ్చేశాడు. ఇంకోసారి రాలేడని ఆయన్ను చూడగానే తెలిసిపోయింది.

పండుగనాడు యంత్రానికి పూజ తానే చేస్తానన్నాడు. బొట్లు పెట్టాడు, నిమ్మకాయ కోశాడు, కొబ్బరికాయ కొట్టాడు. నేను చిప్పలు ఏరుకుంటూ మిగతాది చూడలేదు.

మర్నాడు నా పరిశోధన చూసే మా సార్ కళ్లజోడు మరిచిపోయి వచ్చాడు. కడ్డీల చివర్లకు గ్రీజు రాసి, మధ్యలో ముక్కను ఆనించి తుపాకి పేల్చాడు. స్క్రీన్ మీద దెబ్బను చూపే గీత తాగినోడి నడకలా వంకర్లు పోయింది. అసలే సార్‌కు కోపం ముక్కు మీద ఉంటుంది. వైర్లు పీకి చూశాడు, నన్ను కొరకొరా చూశాడు. ముక్క బయటికి తీస్తే రెండు వైపులా పసుపు! ముక్క ఆనే చోటనే బాపు పసుపు ముద్ద దట్టంగా పూశాడు. సార్ దాని మీదే గ్రీజు రాశాడు.

"పనిజేసే మొనకే గద పెట్టాలె సారూ! గనిల డ్రిల్లుకు గట్లనే పెడుతుంటిమి," అన్నాడు బాపు.

సగం తప్పు తనదే కాబట్టి సార్ తిట్టలేక నవ్వేశాడు. నాకైతే ఆ ముసలాయన మీద ఎక్కడలేని ముద్దొచ్చింది.

తుడిచి మళ్లీ పేల్చాం. ఈసారి గీత బుద్ధిగా వచ్చింది. కానీ ఢామ్మనగానే బాపు కళ్లు మూసుకున్నాడు. ఇంకో ముక్క పెట్టాం. మళ్లీ అంతే.

"అయిపాయెనా? నాకేం కనవడలే బిడ్డా."

ఆ గొంతుకు నాకు ఏడుపొక్కటే తక్కువ. కుర్చీ లాగి ఆయన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, నేను లెక్కగట్టిన బొమ్మను నడిపించాను. ముక్క నడుము మెల్లగా ఉబ్బింది. నలిగిన చోటల్లా నీలం రంగు పోయి ఎరుపు పాకింది. బాపు దగ్గు ఆపుకుని చూశాడు.

"గింత నిమ్మళంగనా?" అని అడిగాడు.

"కాదు బాపూ. మనకు కనవడాలెనని సాగదీసి చూపెడుతున్న. నిజంగనైతే నువ్వు రెప్ప కొట్టేలోపల్నే అయిపోయింది."

ఆయన స్క్రీన్‌కు ఇంకాస్త దగ్గరగా వంగాడు. తర్వాత చూపు తిప్పకుండానే అడిగాడు.

"అంటే వాడు నన్ను పిలువలే గదా? పిలిచేటంత సేపు లేకుండె గదా?"

మా తుపాకి దెబ్బ వేరు, బండ కూలడం వేరు. కూలేముందు పైకప్పు చిటపటమంటుందని, ఒక్కోసారి మనిషి కేకవేసేంత వ్యవధి ఉంటుందని గనిలో బతికిన బాపుకు నాకంటే బాగా తెలుసు. తెలిసే అడిగాడు. సార్ నా వైపు చూశాడు.

"లేకుండె బాపూ," అన్నాను.

బాపు తువ్వాలతో మొహం ఒత్తుకున్నాడు. భుజాలు కదిలాయి. కాసేపటికి తేరుకుని, "ఇంకోపారి సూపియ్యి," అన్నాడు.

ఆయన చాలనేదాకా చూపిస్తూనే ఉన్నాను.