సెలవెరగని కార్డు

ఇరవై రెండేళ్ళలో ఒక్క పూట కూడా పని మానని మహాతల్లి ఆ లాండ్రీలో ఉందని కార్మిక శాఖవాళ్ళు కనిపెట్టారు. ఉంది, నిజమే. కాకపోతే ఆవిడకి ఇస్త్రీపెట్టె ఏ వైపు కాలుతుందో తెలీదు.

ఆవిడ లాండ్రీ యజమానురాలి ఆడపడుచు. ఎప్పుడో ఒకనాడు తానూ ఉద్యోగం వెలగబెడతానని తన పేరున పని కార్డు రాయించుకుని, రెండో రోజే ఆవిరికి కళ్ళు తిరిగాయని ఇంటికి పోయి కుర్చీలో కూర్చుంది. కూర్చున్నది మళ్ళీ లేవలేదు. కార్డు మాత్రం లాండ్రీలో మిగిలింది. యజమానురాలు సబ్బుముక్కే పారేసే రకం కాదు, కార్డు పారేస్తుందా? కాగితాల్లేకుండా సరిహద్దు దాటొచ్చిన ఒకామెని ఆ కార్డు మీద పనిలో పెట్టుకుంది. ఆమె నడుం పడిపోయాక మరొకామె వచ్చింది. ఆ మరొకామెను పోలీసులు బస్సెక్కించి వెనక్కి పంపేసిన మర్నాడు పొద్దున్నే ఇప్పటి దుప్పట్లామె వచ్చింది, తనకీ కాగితాల్లేవు. మనుషులు అరిగిపోతున్నా కార్డు మాత్రం రోజూ ఏడింటికల్లా హాజరు.

దుప్పట్లామెకి ఒంటి మీద ముప్ఫై నాలుగేళ్ళు, కార్డు మీద అరవై. పదకొండేళ్ళుగా హోటళ్ళ దుప్పట్లు ఉతికి, ఆరేసి, మడతలు పెడుతోంది. పెద్ద దుప్పటి ఒక్క మనిషికి లొంగేది కాదు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, వెనక్కి వాలి లాగి, ఒక్కసారి విదిలించి, ఎదురెదురుగా నడిచి చేతులు కలపాలి. అవతలి కొస యజమానురాలిది. రోజుకి మూడొందల సార్లు ఆ ఇద్దరూ ముఖాముఖి వచ్చేవాళ్ళు. జీతం పెంచే మాట మాత్రం ఒక్కసారీ ఎదురు రాలేదు.

జ్వరం వచ్చినా దుప్పట్లామె పనికి వచ్చేది. మానితే ఆ చోట నిలబడడానికి వీధి చివర పదిమంది కాచుకుని ఉన్నారని యజమానురాలు అప్పుడప్పుడూ గుర్తుచేసేది, ప్రేమగానే. పింఛను కోసమని నెలనెలా కోత పడేది దుప్పట్లామె జీతంలో. జమయ్యేది ఆడపడుచు పేరున.

ఆ ఆడపడుచుకేమో కాగితాల్లేనివాళ్ళంటే ఒళ్ళుమంట. లాండ్రీకి వచ్చి, దుప్పట్లామె చేతి టీ ఊదుకుంటూ తాగుతూ మొదలెట్టేది.

"చూస్తున్నావా అమ్మాయ్, ఊరంతా వాళ్ళే! మన పనులన్నీ తన్నుకుపోతున్నారు. ఇక మనవాళ్ళు ఏం చేసుకు బతకాలి?"

"పని కావాలా వదినా? రండి, ఈ కొస పట్టుకోండి" అనేది దుప్పట్లామె.

"నా మోకాళ్ళ సంగతి తెలిసీ అంటావేమే!"

దుప్పట్లామె ఖాళీ కప్పు కడిగి పెట్టేది.

అలాంటిది ఒకరోజు కార్మిక శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తమ కార్మికురాలికి పతకం, యోగ్యతాపత్రం ఇస్తారట. అరవై నిండాయి గనక అదే రోజున విశ్రాంతి కూడా ఇస్తారట. ఆడపడుచు మెడలో పతకం ఎలా వేలాడుతుందో అద్దంలో చూసుకోవడానికి పరుగెత్తింది. మోకాళ్ళు అప్పుడు అడ్డం రాలేదు. దుప్పట్లామెకి మాత్రం అర్థమైంది ఒక్కటే: కార్డుకి విశ్రాంతి అంటే తనకి వీధే.

ఆ రోజు రానే వచ్చింది. అధికారి వచ్చాడు, వెంట ఫొటోగ్రాఫరూ వచ్చాడు. యజమానురాలు దుప్పట్లామెని ఆరేసిన బట్టల వెనక్కి నెట్టి, "దగ్గు వచ్చినా మింగెయ్" అంది. అధికారి పతకం వేసి, చప్పట్లు కొట్టి, "ఏదీ పెద్దమ్మా, మీ చేత్తో ఒక దుప్పటి మడత పెట్టండి, ఫొటోకి" అన్నాడు.

ఆడపడుచు దుప్పటి ఎత్తింది. అది ఆవిడ తల మీద పడింది. లోపల్నించి "ఉక్క, ఉక్క" అని కేకలు. యజమానురాలు సాయానికి వెళ్ళి ఒక కొస పట్టుకుంటే రెండో కొస ఎటుపోయిందో ఆడపడుచుకి తెలియలేదు. పదకొండేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? దుప్పట్లామె కాళ్ళు వాటంతటవే బయటికొచ్చాయి. కొస అందుకుంది, విదిలించింది. దుప్పటి గాలిలో తెరచాపలా లేచింది.

యజమానురాలి ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఎవరీ అమ్మాయి?" అన్నాడు అధికారి.

"నా దగ్గర పని నేర్చుకుంటోంది నాయనా" అంది ఆడపడుచు, జుట్టు సర్దుకుంటూ.

"అలాగా! అమ్మాయ్, నువ్వు కొంచెం దుప్పటి వెనక్కి జరుగు. పెద్దమ్మ కనపడాలి" అన్నాడు ఆయన. ఆ ఫొటోలో పతకం వేసుకున్న పెద్దమ్మ ఉంటుంది. దుప్పటి పై అంచున పది వేళ్ళు, కింది అంచున రెండు పాదాలు కూడా ఉంటాయి. ఎవరివని అడిగినవాళ్ళు లేరు.

వాళ్ళు వెళ్ళగానే యజమానురాలు కొత్త కార్డు తెచ్చింది. ఆడపడుచు కోడలిది, ఇరవై మూడేళ్ళది.

"రేపట్నించి నువ్విది. కొత్తగా చేరినవాళ్ళకి సగం జీతమేనమ్మా. ఏం చెయ్యనూ, కాగితం మీద అలాగే ఉండాలి మరి."

దుప్పట్లామె కార్డు తీసుకుంది. మర్నాడు ఏడింటికి వచ్చి, చేతులు వేలాడేసుకుని నిలబడింది. బయట దుప్పట్ల కోసం హోటల్ లారీ ఆగి ఉంది.

"కొస పట్టుకోవేం?"

"ఎలా పట్టుకోవాలక్కా?"

"ఎగతాళా?"

"కొత్తదాన్ని కదా, ఎవరైనా నేర్పాలి. పతకం వచ్చినావిడని పిలిపించండి."

"వీధి చివర పదిమంది ఉన్నారే!"

"పిలవండక్కా. వాళ్ళకీ నేర్పాలి."

యజమానురాలు పంతానికి పోయి ఒకామెని పిలుచుకొచ్చింది. పాపం, ఆమె కొస పట్టుకుని ముందుకి రావాల్సినప్పుడు వెనక్కి పోయింది. తెల్లటి దుప్పటి సబ్బునీళ్ళ మురుగులో పడింది. రెండోదీ అంతే. లారీవాడు హారన్ మీంచి చెయ్యి తీయలేదు. ఆడపడుచుకి కబురెడితే పతకంతో సహా వచ్చి, "ముందు నువ్వు పట్టుకోవే అమ్మాయ్, నేను తప్పులు చెప్తాను" అని కుర్చీ లాక్కుంది.

"సరేలేవే, పాత జీతమే ఇస్తాను" అంది యజమానురాలు, పళ్ళు నూరుతూ.

"వారానికో రోజు సెలవు కూడా."

"ఇరవై రెండేళ్ళలో ఆ కార్డు ఒక్క సెలవు అడిగిందా?"

"ఆ కార్డు ముసలిదక్కా. ఇది ఈ కాలం పిల్ల."

లారీవాడు ఇంజను తిప్పాడు. యజమానురాలు తలూపింది. దుప్పట్లామె కొస అందుకుంది, మూడొందలూ మధ్యాహ్నానికల్లా మడతపడ్డాయి.

పింఛను మాత్రం ఆడపడుచుకే పోతోంది. దాన్ని విదిలించి లాగే ఉపాయం ఇంకా దొరకలేదు. ఆ వారమే కొత్త కార్డు సెలవు పెట్టింది. దుప్పట్లామె పొద్దెక్కేదాకా నిద్రపోయింది. లాండ్రీలో టీ ఇచ్చేవాళ్ళు లేక ఆడపడుచు పతకం సవరించుకుంటూ యజమానురాలి దగ్గర నిట్టూర్చింది.

"ఈ కాలం పిల్లలకి ఒళ్ళు వంగదమ్మా. నా రోజుల్లో ఒక్క పూట మానితే ఒట్టు!"